కంటి నరం ఎంఆర్‌ఐ: 4 మిల్లీమీటర్ల నరాన్ని స్కాన్ చేయడం ఎందుకంత కష్టం?

మెదడు లోపలి భాగాలను స్పష్టంగా చూపించే ఎంఆర్‌ఐ.. కంటి నరం దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. చూపును మెదడుకు చేరవేసే ఈ నరం మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లే. అందులోనే దాదాపు 10 లక్షలకు పైగా సన్నటి పోగులుంటాయి. అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పెరగవు. అందుకే నష్టాన్ని ముందే పసిగట్టాలి. ఈ విషయంలో పరిశోధకులు ఆశ పెట్టుకున్న టెక్నిక్కే డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ.

ఇది ఏం చూస్తుంది?

నరంలో నీటి అణువుల కదలికను కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నరంలో నీరు పోగుల వెంబడి సులువుగా కదులుతుంది.. అడ్డంగా మాత్రం అంతగా కదలలేదు. నరం వాపు, గ్లకోమా లాంటి జబ్బులతో పోగులు దెబ్బతింటే ఈ తేడా తగ్గిపోతుంది. ఆ మార్పును అంకెల్లో చెప్పగలగడమే దీని ప్రత్యేకత.

చిక్కు ఎక్కడ?

మామూలు డిఫ్యూజన్ స్కాన్‌లో ఒక్కో చుక్క సైజు సుమారు 2 మిల్లీమీటర్లు. అంటే నరం మందమంతా ఒకటి, రెండు చుక్కల్లోనే అయిపోతుంది. నరం చుట్టూ ఉన్న ద్రవం, కొవ్వు సిగ్నల్స్ అందులో కలిసిపోతాయి. పక్కనే సైనస్‌లలో ఉండే గాలి వల్ల ఇమేజ్ వంకరపోతుంది. పైగా కన్ను కదిలితే నరం కూడా కదులుతుంది.

ఎలా సరిచేస్తున్నారు?

* తల మొత్తం కాకుండా నరం ఉన్న చోటునే స్కాన్ చేస్తారు. 2002లో లండన్ పరిశోధకులు ఈ పద్ధతికి ద్రవం సిగ్నల్‌ను అణిచేసే పద్ధతిని జోడించారు.
* కొవ్వు సిగ్నల్‌ను కూడా అణిచేస్తారు.
* డేటాను ఒకేసారి కాకుండా భాగాలుగా సేకరిస్తారు. దీంతో వంకర తగ్గుతుంది.
* ఎదురెదురు దిశల్లో రెండుసార్లు తీసి, పోల్చి, మిగిలిన వంకరను కంప్యూటర్‌లో సరిచేస్తారు.
* స్కాన్ జరిగేంతసేపూ ఒకే చోట చూడమని పేషెంట్‌కు చెబుతారు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. చుక్క చిన్నదయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది. మళ్లీ మళ్లీ స్కాన్ చేయాలి. టైమ్ పెరిగితే కన్ను కదిలే అవకాశమూ పెరుగుతుంది. ఈ బ్యాలెన్స్ కుదర్చడమే అసలు సవాల్.

పేషెంట్లు ఏం తెలుసుకోవాలి?

కంటి నరం పోగుల నష్టాన్ని ఇలా కొలవడం ఇంకా ఎక్కువగా పరిశోధనలకే పరిమితం. ఆస్పత్రుల్లో ప్రధానంగా కంటి పరీక్ష, ఓసీటీ, కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐలపైనే ఆధారపడతారు. ఒక కంట్లో చూపు ఉన్నట్టుండి మసకబారినా, కన్ను కదిపితే నొప్పిగా ఉన్నా వెంటనే కంటి డాక్టర్‌ను కలవాలి.