గెలిచిన కేసు, పోయిన గ్రాంటు

అమెరికా ప్రభుత్వం 1965లో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ పెట్టింది. డబ్బు ప్రభుత్వానిదే, దరఖాస్తులు చదివి సిఫార్సు చేసేది మాత్రం కళారంగంలోని వాళ్ళ కమిటీ. 1990లో ఆ కమిటీ ఒప్పుకున్న నలుగురు రంగస్థల కళాకారులకి - కారెన్ ఫిన్లీ, జాన్ ఫ్లెక్, హోలీ హ్యూస్, టిమ్ మిల్లర్ - సంస్థ చైర్మన్ గ్రాంటు ఆపేశాడు. వాళ్ళ ప్రదర్శనలు శరీరం గురించి, లైంగికత గురించి బాహాటంగా మాట్లాడతాయన్నదే గొడవ. నలుగురూ కోర్టుకెళ్ళారు. 1993లో రాజీ కుదిరి డబ్బు చేతికొచ్చింది.

గెలిచినట్టే కదా? కాదు. కొన్నేళ్ళకే అమెరికన్ కాంగ్రెస్ విడిగా కళాకారులకిచ్చే గ్రాంట్లని దాదాపు ఎత్తేసింది. సాహిత్య ఫెలోషిప్పుల్లాంటివి కొన్నే మిగిలాయి. సంస్థలకి మాత్రం డబ్బు అందుతూనే వచ్చింది. సంస్థకి బోర్డు ఉంటుంది, వచ్చే ఏడాది బడ్జెట్ ఉంటుంది. ఎవరూ చెప్పకముందే జాగ్రత్తపడుతుంది. ఒంటరిగా పనిచేసే మనిషికి ఆ భయం తక్కువ. చిన్న గ్రాంటు అవసరం ఎక్కువున్నదీ ఆ మనిషికే.