ఢిల్లీ ఫట్‌ఫటీ: వయసు మీద పడిన నేరం

ఢిల్లీ ఫట్‌ఫటీలు 1998 నాటి సుప్రీంకోర్టు కాలుష్య ఆదేశాల వేడిలో రోడ్డు దిగిపోయాయి. అర్ధశతాబ్దం పాటు చాందినీ చౌక్, ఎర్రకోటల వైపు నుంచి కనాట్ ప్లేస్‌కు జనాన్ని మోసిన ఆ మూడు చక్రాల బండి గురించి ఇప్పటికీ రెండు మాటలే వినిపిస్తాయి. కాలం చెల్లిన పొగబండి, పోవలసిందే పోయిందని ఒక మాట. యుద్ధకాలపు హార్లీ డేవిడ్‌సన్లను చేజేతులా తుక్కులో కలిపేశామని మరో మాట. తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ కూడా ఆ బండి పుట్టిన సంవత్సరాన్నే చూస్తున్నారు. 1998లో ఆగిన బండిలో 1940ల నాటిది ఎంత మిగిలి ఉందో చూస్తే ఇద్దరి లెక్కా తప్పుతుంది. ఫట్‌ఫటీని చెడగొట్టింది వయసు కాదు. దాని పెట్రోలు ఇంజన్నూ ట్యాంకునూ విప్పి డీజిల్‌వి బిగించిన నాడు, ఆ బిగింపును తనిఖీ చేసే కన్ను ఒక్కటీ లేకపోవడమే దాన్ని చెడగొట్టింది.

అసలు బండి హార్లీ డేవిడ్‌సన్ డబ్ల్యూఎల్ఏ. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రపక్ష సైన్యాల కోసం వేల సంఖ్యలో తయారైన మోటార్‌సైకిల్. దాదాపు 740 సీసీల జంట సిలిండర్ల ఇంజన్. గేరు చేత్తో వేయాలి, క్లచ్ కాలితో తొక్కాలి. పెట్రోలుకూ ఇంజనాయిలుకూ చోటు సీటు ముందున్న జంట ట్యాంకుల్లోనే. యుద్ధం ముగిశాక సైన్యం తిరిగి మోసుకుపోవడం దండగనుకున్న సరుకు మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ఇలాంటి మిగులు సరుకును వదిలించుకునే పని అప్పట్లో ఎంత పెద్దదంటే, కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల సంస్థ 2017లో మూతపడే దాకా తన పేరులో ‘డిస్పోజల్స్’ అనే మాటను మోసింది. అలా దొరికిన మోటార్‌సైకిళ్లకు ఢిల్లీ మేస్త్రీలు వెనక చక్రం తీసేసి రెండు చక్రాల ఇరుసు వేశారు. దాని మీద బల్లలతో, పైకప్పుతో రిక్షా బాడీ కట్టారు. ఒక సవారీకి తయారైన యంత్రం ఏడెనిమిది మందిని లాగింది. నడిపినవాళ్లలో సిక్కులు ఎక్కువ. దేశవిభజనతో లక్షలాది మంది వచ్చిపడి, బస్సులు చాలని నగరంలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. అప్పటికి ఇదే రవాణా.

అంటే ఫట్‌ఫటీ పుట్టుకే ఒక మార్పిడి. ఆ మొదటి మార్పిడి మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంజను దాని తయారీదారు ఇచ్చిందే, ఇంధనం అది తాగవలసిందే. మారింది వెనక బాడీ, ఇరుసు. చిక్కంతా రెండో మార్పిడిలో ఉంది. అసలు విడిభాగాలు దొరకడం తగ్గి, పెట్రోలు ధర పెరిగినకొద్దీ హార్లీ ఇంజన్లు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. వాటి చోట పొలంలో నీళ్లు తోడే రకం, జనరేటర్లు తిప్పే రకం డీజిల్ ఇంజన్లు కూర్చున్నాయి. ఇంజను మారితే ట్యాంకూ మారాలి. కార్బురేటర్‌కు పెట్రోలు పై నుంచి దానంతటదే జారితే చాలు. డీజిల్‌కు ఫిల్టరు కావాలి, ఇంజెక్షన్ పంపు కావాలి, మిగిలిన నూనె తిరిగి ట్యాంకులోకి చేరడానికి మరో గొట్టం కావాలి. ఒకే వేగంతో కదలకుండా తిరగడానికి చేసిన యంత్రం ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ సగం మాడిన నల్లపొగ కక్కింది. చివరికి ముందు ఫోర్కు, హ్యాండిలు, పేరు తప్ప హార్లీది అంటూ పెద్దగా మిగలని బండ్లు కూడా తిరిగాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే అదే. ఆ పొగ వయసైపోయిన హార్లీది కాదు, దానికి తగిలించిన పంపు ఇంజన్‌ది.

ఇక్కడ చట్టం ఏం చేసింది? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మొదట్లో బండిని మార్చడాన్ని పూర్తిగా నిషేధించలేదు. మార్చేవాడు రిజిస్టరింగ్ అధికారికి ముందుగా తెలపాలి, అనుమతి పొందాలి అంది. నా దృష్టిలో సరైన నియమం అదే; ఆచరణలో అది కాగితం దాటలేదు. దాన్ని గట్టిపరచడానికి బదులు 2000 సవరణ మొత్తం తలకిందులు చేసింది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికే వీల్లేదంది. ఇంధనం మార్చే ఆమోదిత కిట్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని మరింత బిగించింది. ‘చెప్పి మార్చుకో, వచ్చి చూస్తాం’ అనే నియమం ‘మార్చకు’గా మారింది. మేస్త్రీ మాత్రం పని మానలేదు. ఢిల్లీ చుట్టూ హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పంపు ఇంజనుకు చెక్క బాడీ కట్టిన ‘జుగాడ్’లు తిరుగుతూనే ఉన్నాయి. అదీ మోటారు వాహనమేనని సుప్రీంకోర్టు 2013లో చెప్పవలసి వచ్చింది.

ఊపిరాడని నగరంలో ఒక్కో బండి కడుపు విప్పి చూసే తీరిక ఎవరికుంటుందన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే 1998 ఆదేశాల్లో వయసును హద్దుగా పెట్టారు, లెక్క తేలిక కాబట్టి. కానీ ఆ ఆదేశాలే నా వాదనకు సాక్ష్యం. న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన పిటిషన్ మీద 1998 జులై 28న వచ్చిన ఉత్తర్వు ఎనిమిదేళ్లు దాటిన బస్సులు తిరగకూడదంటూనే, సీఎన్‌జీ లాంటి శుభ్రమైన ఇంధనంతో నడిచేవాటిని మినహాయించింది. నగర బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలంది. కొన్ని బస్సులు కొత్తగా వచ్చాయి. మిగతా వాటిలో పాత డీజిల్ బస్సులకే ట్యాంకు తీసి సిలిండర్లు బిగించినవి ఉన్నాయి. అంటే ఫట్‌ఫటీ మేస్త్రీ చేసిన పనే ఈసారి కోర్టు చెప్పి చేయించింది. మార్చిన బస్సుల్లో కొన్ని మంటల్లో చిక్కుకున్న మాటా నిజం. దానికి జవాబుగా మార్పిడిని ఆపలేదు, తనిఖీని పెంచారు. దాదాపు 200 బార్ల ఒత్తిడితో గ్యాసును పట్టి ఉంచే సిలిండరుకు నిర్ణీత గడువుకోసారి హైడ్రో టెస్టు తప్పనిసరి. పాత బాడీకి కొత్త ట్యాంకు పెట్టడం నేరం కాదనీ, చూడకుండా పెట్టడమే నేరమనీ ఢిల్లీ అప్పుడే ఒప్పుకుంది. ఒప్పుకున్నట్టు గుర్తించలేదు, అంతే.

తయారీదారుకు తెలిసినంత మేస్త్రీకి తెలుసా అనేది దీనికన్నా బరువైన అభ్యంతరం. చాలాసార్లు తెలియదు. అయినా తయారీదారు గీతే చివరి గీత అనడం కుదరదు. 1973 నుంచి 1987 వరకు జనరల్ మోటార్స్ చేసిన పెద్ద పికప్‌లకు పెట్రోలు ట్యాంకులు ఫ్రేము పట్టీలకు బయట, పక్కగా ఉండేవి. పక్క నుంచి గుద్దితే మంటలు. 1994 అక్టోబరులో అమెరికా రవాణా మంత్రి అది లోపమేనని ప్రాథమికంగా తేల్చారు. డిసెంబరులో రీకాల్ లేకుండానే రాజీ కుదిరింది, సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా భద్రతా కార్యక్రమాలకు ఇచ్చింది. అక్కడి యజమానులు కొందరు ట్యాంకును ఫ్రేము మధ్యకు మార్పించుకున్నారు. మన 52వ సెక్షను ఇప్పటి రూపంలో ఆ పనికి అడ్డుపడొచ్చు. అసలు చాసిస్ వేరు, బాడీ వేరు అన్న సంగతి మన చట్టానికి తెలియనిదేమీ కాదు. బాడీ కట్టని చాసిస్ వర్క్‌షాపులో నెలకు మించి ఉంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు పొడిగించుకోవచ్చని 1988 నాటి 43వ సెక్షనే చెప్పింది. విజయవాడ ఆటోనగర్‌లో చాసిస్ తెచ్చుకుని బాడీ కట్టించుకున్న లారీ యజమానికి ఇది కొత్త పాఠం కాదు. కట్టాక తనిఖీ, తర్వాతే నంబరు. ఈ వరస కొత్త లారీకి పనికొచ్చినప్పుడు పాత పికప్‌కు ఎందుకు పనికిరాదు?

ఢిల్లీ మాత్రం వయసు గీతనే మళ్లీ మళ్లీ గీసింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో అంది, సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. కాలం చెల్లిన బండ్లకు బంకుల్లో ఇంధనం పోయవద్దన్న ఆంక్ష 2025 జులై 1న మొదలై కొద్ది రోజులకే ఆగింది. నడుమ 2021 నవంబరులో ఢిల్లీ ప్రభుత్వమే పదేళ్లు దాటిన డీజిల్ బండికి ఆమోదిత ఎలక్ట్రిక్ కిట్ బిగిస్తే తిరగవచ్చంది. పదేళ్ల గీత ఉండగానే, ఇంజనూ ట్యాంకూ తీసి మోటారూ బ్యాటరీ పెడితే ఆ గీత వర్తించదన్నమాట. ఎలక్ట్రిక్ కిట్‌కు ఇచ్చిన ఈ వెసులుబాటును మిగతా మార్పిళ్లకూ ఇవ్వాలి. 52వ సెక్షనుకు 1988 నాటి రూపం తిరిగి రావాలి, ఈసారి దాని వెంట పనిచేసే తనిఖీ కేంద్రాలూ రావాలి. ఇంజను మార్చినా, ట్యాంకు మార్చినా, బాడీ మార్చినా బండి రోడ్డెక్కే ముందు పరీక్ష జరగాలి. మారిన భాగం పేరు, మార్చిన తేదీ రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎక్కాలి.