ప్లేనోలో పోయిన పోళీ

మా తమ్ముడు తన పగడానికి పోళీ అని పేరు పెట్టాడు. తిరుపతిలో మా అమ్మ చేసే పోళీలాగే గుండ్రంగా, పలచగా ఉండేది. పగడమే గానీ దీనికి కొమ్మా రెమ్మా ఉండవు, గుంపుగా బతకదు. ఒకే జీవి, నడిమధ్య ఒకే నోరు. పుట్టగొడుగు తిరగేస్తే కనిపించే రేకుల్లాంటి గీతలు ఉంటాయని శాస్త్రవేత్తలు ఫంగియా అన్నారు. చిన్నప్పుడు రాతికి కాడతో అంటుకుని ఉండి, ఎదిగాక తెగి ఇసుకలోకి దిగుతుంది. మీద ఇసుక పడితే ఒంట్లోకి నీళ్లు నింపుకుని ఉబ్బి, విదిలించుకుంటుంది. వాడోసారి వీడియో కాల్‌లో రొయ్య ముక్క పెట్టి చూపించాడు. ముక్క నోటిదాకా పాకే లోపల నా కాఫీ చల్లారిపోయింది.

మన దగ్గర ఇట్లాంటిది ఇంట్లో పెంచితే కేసు. 2001 నుంచి రాతిపగడాలన్నీ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులితో పాటు ఉన్నాయి. టెక్సస్‌లో డాలస్ పక్కన, తమ్ముడుండే ప్లేనోలో అయితే అంగట్లో కొనుక్కోవచ్చు. తొట్టిలో ఉప్పునీళ్లు, 26 డిగ్రీల వేడి, లైట్లు, పంపులు... అంతా కరెంటు మీదే. "ఇన్వర్టర్ పెట్టుకోరా" అంటే "ఇక్కడ కరెంటు పోదన్నా" అని నవ్వాడు. కోతల్లో పుట్టి పెరిగినోడు అనాల్సిన మాటేనా అది!

2021 ఫిబ్రవరి 15. మంచు తుఫానుకు టెక్సస్‌లో అర్ధరాత్రి దాటాక కరెంటు కోతలు మొదలైనప్పుడు, ఇక్కడ తిరుపతిలో మధ్యాహ్నం ఒంటిగంట. నేను ఫ్యాను కింద ఉన్నా. వంతులవారీ కోత అన్నారు గానీ చాలా ఇళ్లకు వెలుగు వంతు రానే లేదు. 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకటి. మర్నాడు డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. తమ్ముడు ఉన్న దుప్పట్లన్నీ తొట్టికే చుట్టాడు. గాలి అందాలని స్టీలు చెంబుతో నీళ్లు ముంచి, ఎత్తి పోస్తూ కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన రాగిచెంబు ముట్టలేదు. రాగి ఆ జీవాలకు విషం.

మూడోనాడు నీళ్లు 13 డిగ్రీలకు దిగినాయి. పోళీ ఉబ్బడం మానేసింది. ఒక అంచున కండ జావలా జారి తెల్లటి గీతలు బయటపడ్డాయి. సాయంత్రానికి నోటిదాకా తెలుపే. ఆ తుఫానులో పోయిన మనుషులే ప్రభుత్వ లెక్కలో 246 మంది. పగడం కోసం ఏడ్చానని ఎవరికీ చెప్పొద్దన్నాడు.

మిగిలిన తెల్లటి గూడు తిరుపతికి తెస్తానంటే వద్దన్నా, ఇక్కడ అదీ నేరమే. ప్లేనోలో కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు. ఆ ఏడే పెద్ద బ్యాటరీ కొన్నాడు. తొట్టిలో మాత్రం మళ్లీ నీళ్లు పోయలేదు.