శరత్కాలపు తుఫానులు - వాతావరణ హెచ్చరికల చరిత్ర

ఆశ్వయుజమాసము ప్రవేశించినంతనే జంషెడ్‌పూరు నగరమున దుర్గాపూజా పందిళ్ళు లేచును. భాలుబాసా మొదలగు పేటలలోని తెలుగు కుటుంబములు దసరా దీపావళులకు సిద్ధపడుచుండును. సరిగా ఆ దినములలోనే బంగాళాఖాతమున అల్పపీడనము ఏర్పడినదను వార్త వచ్చెనేని, ఆ ఇండ్లలో రెండు చింతలు ఒక్కమారుగా మేల్కొనును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వచ్చి ఉక్కు కర్మాగారమునందును, రైల్వేలయందును, కేంద్రప్రభుత్వ కార్యాలయములందును కుదురుకొనినవారికి స్వగ్రామములలోని వృద్ధులైన తల్లిదండ్రులు, కొబ్బరితోటలు, పొట్టమీదనున్న వరిచేలు మొదట జ్ఞప్తికి వచ్చును. పిమ్మట సువర్ణరేఖ, ఖర్కాయి నదులు పొంగునేమో యను శంక కలుగును. ఈ రెండు చింతలును ఒక్క ప్రశ్నపై ఆధారపడియున్నవి: వాతావరణశాఖవారి సూచనను ఎంతవరకు నమ్మవచ్చును?

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. దీనికి రెండు శతాబ్దములకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో తెలుగుతీరమునకు లభించిన స్థానము చిన్నది కాదు.

తుఫానులు శరత్తులోనే అధికముగా వచ్చుటకు కారణము స్పష్టము. నైరృతి ఋతుపవనము బలముగానున్న నడివర్షకాలమున సముద్రముపై దిగువగాలి ఒక దిక్కునకును, ఎగువగాలి వేరొక దిక్కునకును బలముగా వీచుచుండును. అట్టి స్థితిలో సుడిగాలి నిటారుగా నిలిచి ఎదుగజాలదు. ఆశ్వయుజ కార్తికములు వచ్చునప్పటికి నైరృతి వెనుదిరుగును. ఎగువ దిగువ గాలుల వైరము తగ్గును. సముద్రజలము మాత్రము ఇంకను వెచ్చగానే యుండును. ఆ వెచ్చదనమే తుఫానునకు ఆహారము. అల్పపీడనము వాయుగుండమై, వాయుగుండము తుఫానై, తుఫాను తీవ్రరూపము దాల్చుట ఒక్కొకప్పుడు రెండు మూడు దినములలోనే జరిగిపోవును.

పూర్వులు ఈ కాలస్వభావమును ఎరుగనివారు కారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భ లక్షణములను వివరించి, వర్షమును ఆఢకములలో కొలుచు పద్ధతిని చెప్పెను. పంచాంగకర్తలు నేటికిని ఆ పరిభాషనే వాడుచున్నారు. హస్త, చిత్త, స్వాతి కార్తెలను బట్టి రైతు తన పనులను దిద్దుకొనుచు వచ్చెను. తీరమునందలి జాలరులు గాలి దిక్కు మారుట, కెరటముల వరుస మారుట, ఆకాశపు రంగు మారుట గమనించి వలలు ఒడ్డునకు లాగుకొనెడివారు. ఈ తెలివిని తేలికగా చూడరాదు. కాని ఇందు రెండు లోపములు కలవు. కార్తెల లెక్క ఋతువును చెప్పగలదు గాని ఫలానా దినమున, ఫలానా రేవునకు అని చెప్పజాలదు. జాలరి కన్ను దినమును చెప్పగలదు గాని, అప్పటికి తుఫాను గుమ్మములో నిలిచియుండును. ఊరు విడిచి పోవుటకు వ్యవధి చాలదు.

ఆ వ్యవధి లేకపోవుట ఎంతటి చేటు తెచ్చునో కోరంగి కథ చాటుచున్నది. గోదావరి ముఖద్వారమున, కాకినాడకు సమీపముననున్న కోరంగి ఒకప్పుడు నౌకానిర్మాణమునకు పేరుగన్న రేవు. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు వరుసగా వచ్చి ఆ పట్టణమును ముంచినవి. మరల నిలదొక్కుకొన్న పిదప 1839 నవంబరులో వేరొక ఉప్పెన దానిని ధ్వంసము చేసెను. కోరంగి అటుపై పూర్వవైభవమును పొందలేదు.

ఈ ఉత్పాతములను కలకత్తాలో కూర్చుండి శ్రద్ధగా పరిశీలించినవాడు హెన్రీ పిడింగ్టన్ అను నౌకావ్యవహారాధికారి. ఆయన ఓడల దినచర్య పుస్తకములను ప్రోగుచేసి, అందలి గాలి దిక్కులను పటముపై గుర్తించి, ఈ గాలివానలు ఒక కేంద్రము చుట్టును తిరుగునని నిరూపించెను. పాము చుట్ట అను అర్థము గల గ్రీకు పదము నుండి ‘సైక్లోన్’ అను మాటను 1848లో ప్రచారమునకు తెచ్చినది ఆయనయే. వంగదేశమున మాతలా నదిపై కానింగ్ అను కొత్త రేవును కట్ట సంకల్పించినపుడు, ఆ స్థలము ఏదో ఒకనాడు ఉప్పెన పాలగునని 1853లో గవర్నరు జనరలునకు ఆయన విన్నవించెను. ఆ మాట చెల్లలేదు. రేవు వెలసెను. 1867 నవంబరులో వచ్చిన తుఫాను దానిని పాడుచేసెను. పిడింగ్టన్ అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే గతించియుండెను. నిజమైన సూచన కూడ విను చెవి లేనిచో నిష్ఫలమని చూపిన తొలి ఉదాహరణములలో ఇది యొకటి.

హెచ్చరికకు ఒక వ్యవస్థ కావలెనను జ్ఞానము ప్రభుత్వమునకు 1864వ సంవత్సరమున కలిగెను. ఆ యేడు అక్టోబరు 5వ తేదీన కలకత్తాను, నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును తుఫానులు ముంచినవి. బందరులోను చుట్టుపట్లను సుమారు 30,000 మంది ఉప్పెనలో మరణించిరి. మరుసటి యేడే కలకత్తా రేవునకు తుఫాను సమాచారము తంతిద్వారా అందజేయు ఏర్పాటు ఆరంభమయ్యెను. 1875లో భారత వాతావరణ శాఖ వెలసి, హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డు దాని తొలి అధికారి యయ్యెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో విశాఖపట్టణమునకు ఒక తుఫాను, ఆ నెల చివర వంగదేశమున బాకర్‌గంజ్‌నకు వేరొక ఘోరమైన తుఫాను వచ్చినవి. జాన్ ఇలియట్ ఈ రెంటిని కలిపి విపులమైన నివేదిక వ్రాసెను. 1886 నాటికి హెచ్చరికలు దేశమందలి రేవులన్నింటికిని విస్తరించినవి. 1898 నుండి అన్ని రేవులలోను ఒకే తీరు సంకేతములు ఎగురజొచ్చినవి. తీరవాసులు నేటికిని నోట పలుకు ‘ఫలానా నంబరు ప్రమాద సూచిక’ ఆ వంశమునకు చెందినదే.

ఈ కృషిలో ఆంధ్రులు ప్రేక్షకులుగా మాత్రమే యుండలేదు. శాఖ పుట్టుటకు ముప్పదియైదేండ్ల ముందే, 1840లో, గోడే వెంకట జగ్గారావుగారు విశాఖపట్టణమున సొంత ధనముతో వేధశాలను నెలకొల్పిరి. డాల్ఫిన్స్ నోస్ కొండపై పతాకముతో ఓడలకు కాలము తెలుపు ఏర్పాటు చేసిరి. ఆయన అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఖగోళ పరిశీలనలతో పాటు వాతావరణ పరిశీలనలను కూడ దీక్షతో సాగించిరి. ప్రతిదినము అదే వేళకు భారమితిని చూచి, వానను కొలిచి వ్రాసియుంచుట పైకి చిన్నపనిగా తోచును. కాని భావిసూచన యంతయు అట్టి చిన్నపనుల మీదనే నిలిచియున్నది.

తంతి, భారమితి ఉన్నను చిరకాలము సూచనలలో తప్పులు తొలగలేదు. తుఫాను పుట్టునది సముద్రముపై. అక్కడి వార్త చెప్పవలసినవి ఓడలు. హెచ్చరికలు మెరుగుపడినకొలది ఓడలు తుఫానునకు దూరముగా తొలగిపోజొచ్చినవి. తత్ఫలితముగా, సమాచారము అత్యవసరమైన చోటనే సమాచారము శూన్యమయ్యెను. ఈ చిక్కును విడదీసినవి రెండు సాధనములు. మొదటిది రాడారు. దేశమున తుఫానులను కనిపెట్టు తొలి రాడారును 1970లో విశాఖపట్టణముననే నిలిపిరి. రెండవది ఉపగ్రహము. 1960లో తొలి వాతావరణ ఉపగ్రహము ఆకాశమునకు ఎగసిన పిమ్మట, సముద్రమధ్యమున మేఘపు సుడిని పైనుండి చూచుట సాధ్యమయ్యెను.

అయినను కనుగొనుట వేరు, కాపాడుట వేరు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన ఈ భేదమును తెలుగువారికి మరపురాని రీతిగా నేర్పెను. రాడారులున్నవి, ఉపగ్రహ చిత్రములున్నవి, రేడియోలో హెచ్చరికలు వచ్చినవి. అయినను సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు ఊళ్ళమీదికి వచ్చునని నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతముల పల్లెవాసులకు తెలిసి, వారు సకాలమున కదలుట జరుగలేదు. ‘పెనుగాలులు వీచును’ అని విన్నవాడు తలుపులు బిగించుకొని ఇంటిలోననే యుండెను. వచ్చినది గాలి మాత్రమే కాదు, సముద్రము. అధికారిక లెక్కలోనే పదివేలమంది ప్రాంతమున ప్రాణములు కోల్పోయిరి.

ఆ పాఠము వృథా కాలేదు. ఉపగ్రహముద్వారా తీరగ్రామములకు నేరుగా హెచ్చరిక వినిపించు యంత్రములను 1980వ దశకమున అమర్చిరి. తుఫాను ఆశ్రయ గృహములు లేచినవి. 1990 మే నెలలో దాదాపు అంతే బలముగల తుఫాను కృష్ణాతీరమునకు వచ్చినపుడు ఆరు లక్షలకు పైగా జనులను ముందుగా తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపల నిలిచెను. రెండు తుఫానుల బలములో భేదము స్వల్పము. భేదమంతయు మాట చేరుటలోను, మనుష్యులు కదలుటలోను ఉన్నది.

అటుపైన కూడ దెబ్బలు తగిలినవి. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను తాకిన తుఫాను పరిమాణమున చిన్నది, వేగమున గొప్పది. వేటకు పోయిన జాలరులకు నడిసముద్రమున కబురందించు సాధనము లేక, మృతులు వేయికి మించిరి. 1999 అక్టోబరు 29వ తేదీన ఒడిశాను పారదీప్ చెంత తాకిన పెనుతుఫానులో సుమారు పదివేలమంది మరణించిరి. హెచ్చరిక యున్నది గాని, జనులు పోయి తలదాచుకొనుటకు తగినన్ని చోట్లు లేకపోయెను.

ఈ శతాబ్దమున సూచనల పదును స్పష్టముగా హెచ్చినది. తుఫాను కేంద్రము ఇరువదినాలుగు గంటల తరువాత ఎక్కడ నుండునో చెప్పుటలో తొలి దశకమున సగటున 140 కిలోమీటర్ల ప్రాంతమున తప్పు వచ్చుచుండగా, ఇటీవలి సంవత్సరములలో అది 80 కిలోమీటర్ల చుట్టుపట్లకు తగ్గినది. 2013 అక్టోబరు 12వ తేదీన, దుర్గాష్టమినాడు, పైలిన్ తుఫాను గోపాల్‌పూరు వద్ద తీరము దాటినపుడు పది లక్షల ప్రాంతమున జనులను ముందే తరలించుటచే ప్రాణనష్టము అల్పమయ్యెను. సరిగా ఏడాది గడచి అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకెను. సూచించిన తీరముననే అది వచ్చెను. నగరము చెట్లులేని బోడికొండవలె మిగిలెను గాని, 1977 నాటి మారణహోమము పునరావృతము కాలేదు.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లాలో పలాస సమీపమున తీరము దాటెను. గోపాల్‌పూరు, కళింగపట్టణముల నడుమ దాటునని చెప్పిన మాట నిజమయ్యెను. ఉద్దానములోని కొబ్బరి, జీడిమామిడి తోటలు వేలకొలదిగా నేలకొరిగినవి. కాని మనుష్యులు అధికముగా మరణించినది తీరమున కాదు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, కొండల నడుమ. కుంభవృష్టికి కొండచరియలు విరిగిపడి, వాగులు పొంగి అచ్చటి గిరిజనులు బలియైరి. తీరవాసికి తుఫాను భయము తెలియును. కొండవాసి దానిని సముద్రపు వ్యవహారమని తలచును.

చరిత్ర నేర్పుచున్న కొత్తపాఠము ఇదియే. తీరమున సూచన బలపడినకొలది, ప్రమాదము లోతట్టునకు జరిగినది. జంషెడ్‌పూరునకు ఈ మాట నేరుగా వర్తించును. పైలిన్ తీరము దాటి బలహీనపడి, ఝార్ఖండ్, బీహారుల వైపు సాగి విస్తారముగా వర్షించెను. ఆ పిదప సువర్ణరేఖ దిగువన బాలేశ్వర్ జిల్లాను వరద ముంచెను. 2021 మే నెలలో యాస్ తుఫాను వచ్చినపుడు జంషెడ్‌పూరు వద్దనే సువర్ణరేఖ, ఖర్కాయి నదులు ప్రమాదస్థాయిని దాటినవి. ఎగువన చాందిల్ ఆనకట్ట తలుపులు తెరచుటయు, ఒడిశా వైపు నుండి ఖర్కాయికి నీరు వచ్చుటయు ఒక్కమారే జరిగినపుడు రెండు నదుల సంగమమున నీరు వెనుకకు ఎగదన్నును. అప్పటికి ఊరిమీద వాన వెలసియుండవచ్చును. ఆకాశము తేటపడినదని నదీతీరవాసులు నిశ్చింతగా నుండరాదు.

వాతావరణశాఖ నేడు తుఫాను వార్తను నాలుగు దశలలో తెలుపుచున్నది. మొదటి మూడు దశలు ప్రధానముగా తీరమునకు సంబంధించినవి. నాలుగవది, తీరము దాటుటకు కనీసము పండ్రెండు గంటల ముందు వెలువడునది, తుఫాను భూమిపైకి వచ్చిన పిదప ఎటు పోవునో, ఎచ్చట వర్షించునో చెప్పును. భాలుబాసా నివాసి శ్రీకాకుళములోని బంధువుల కొరకు మూడవ దశను ఎంత ఆతురతతో వినునో, తన పేట కొరకు నాలుగవ దశను అంత శ్రద్ధతో వినుట యుక్తము.

చివరగా నమ్మకమును గూర్చి ఒక మాట. ఒకమారు హెచ్చరించి తుఫాను ప్రక్కకు తప్పిపోయినచో, ‘వారు చెప్పినది ఎన్నడు జరిగినది?’ అని పరిహసించుట లోకమున కలదు. సూచన యనునది జాతకఫలము కాదు. అది సంభావ్యతను తెలుపు లెక్క. 80 కిలోమీటర్ల సగటు తప్పు గల లెక్కలో, హెచ్చరిక పొందిన నాలుగు ఊళ్ళలో మూడు తప్పించుకొనుట సహజము. ఆ మూడు ఊళ్ళవారు వృథాగా కదలితిమని విచారింపనక్కరలేదు; ఏ ఊరు నాలుగవదో ముందు తెలియనందుననే నాలుగు ఊళ్ళును కదలవలసివచ్చెను. పిడింగ్టన్ మాట వినని కానింగ్ రేవును, సముద్రము వచ్చునని తెలియని దివిసీమను, కబురందని కోనసీమ పడవలను తలచుకొనినచో ఒక విషయము స్పష్టమగును. సూచన విశ్వసనీయత యంత్రములో సగమే యున్నది. తక్కిన సగము ఆ మాటను చివరి ఇంటివరకు చేర్చువానిలోను, విని లేచి నడచువానిలోను ఉన్నది. స్వగ్రామమునకు ఒక్క ఫోను చేసి, వృద్ధులను వేళకు ఆశ్రయగృహమునకు పంపు ప్రతి భాలుబాసా కుటుంబమును ఆ రెండవ సగములో భాగస్వామియే.