టవర్ సర్కిల్‌లో పాట ఎవరి పూచీ?

కరీంనగర్‌లో వేడుక అనగానే ఇప్పుడు రెండు చోట్ల పేర్లే చెబుతున్నారు. ఒకటి అంబేద్కర్ స్టేడియం, రెండోది మానేరు మీది తీగల వంతెన. స్టేడియంలో 2022లో కళోత్సవాలు జరిగాయి. వంతెన 2023 జూన్ 21న తెరుచుకున్నాక, ఆదివారం సాయంత్రాలు దాని మీద బండ్లు ఆపి ‘వీకెండ్ మస్తీ’ పెట్టారు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 2021లో మొదలైన ‘సండే ఫన్‌డే’ చూసి చేసిన పని అది. రెండు చోట్లకూ జనం బాగానే వచ్చారు, దాని మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా వాటి వెనకాలే పుట్టిన ఒక మాట మీద. ఊరికి వేడుకల అలవాటు ఇప్పుడే పట్టిందట. పాత బజారు కొనుక్కొని వెళ్లిపోయే చోటే గానీ పదిమంది కూడే చోటు కాదట. టవర్ సర్కిల్, కమాన్, శాస్త్రి రోడ్, ప్రకాశం గంజ్‌ల దుకాణదారులు ఒక మండలిగా ఏర్పడి, కళాకారులనూ నగరపాలక సంస్థనూ పక్కన కూర్చోబెట్టుకొని, ఏడాది పొడుగునా పాట కచేరీలకూ ఒగ్గు కథలకూ తేదీలు ముందే కట్టాలి అని నేనంటే, ఇదంతా విదేశీ సరదా అని కొట్టిపారేసేవాళ్లున్నారు. 1970లో కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే వీధి వ్యాపారులు తమ మీద తామే రుసుం వేసుకొని వీధిని బాగుచేసుకున్నారు. ఆ పద్ధతి అక్కణ్నుంచే లోకమంతా పాకిందన్నది నిజమే. కానీ అంగడి వాళ్లు సరుకు మీద తమకు తాముగా కట్టుబాటు వేసుకొని, ఆ సొమ్ముతో పదిమందికి పనికొచ్చే పని నడిపించడం మన నేల మీద టొరంటో కంటే ఏడు వందల ఏళ్ల ముందే ఉంది. చదవదలిస్తే రాళ్ల మీదే కనిపిస్తుంది.

ముందు ఊరి వయసు సంగతి తేల్చాలి, ఎందుకంటే ఎదుటివాళ్లు అక్కడే మొదలుపెడతారు. ఎలగందుల ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద కరీంనగర్ వెలిసిందని, 1905లో జిల్లా కచేరీలు ఎలగందుల నుంచి ఇక్కడికి మారే దాకా ఇది చెప్పుకోదగ్గ ఊరే కాదని దాదాపు ప్రతి పరిచయ వ్యాసమూ రాస్తుంది. పేరు కరీముద్దీన్‌ది, హోదా 1905ది. ఈ రెండింటినీ నేను కాదనను. కాదనేది వీటి నుంచి లాగే ముగింపును. కాకతి రుద్రదేవుడి కాలంలో సబ్బినాడు అనే ఈ ప్రాంతాన్ని ఏలిన గంగాధర మంత్రి శాసనం 1170 నాటిది, చరిత్రకారులు దాన్ని కరీంనగర్ శాసనమనే పిలుస్తారు. ఊరికి కూతవేటులో ఉన్న నగునూరు గుళ్లు కాకతీయుల నాటి పనితనానికి సాక్ష్యం. రాళ్లు చోటు మారుతుంటాయి, ఒక శాసనాన్ని పట్టుకొని ఊరి పుట్టుక తేల్చలేమని అంటారు. ఒప్పుకుంటాను. అందుకే టవర్ సర్కిల్ కాకతీయుల నాటి అంగడి అని నేను అనడం లేదు, ఎవరైనా అంటే నమ్మవద్దనే చెబుతాను. నేననేది ఇంతే. చుట్టూ పది కోసుల నేల వెయ్యేళ్లుగా చెరువులు, గుళ్లు, తోటలు కట్టించుకొని కళలను పోషించింది. ఆ నేల మధ్యనున్న పట్నానికి వేడుక కొత్త అనడం చరిత్ర తెలియని మాట.

ఆ తోటల మాటకు వస్తే గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్టకు వెళ్లాలి. మన జిల్లాలో ఇంతగా పొగిడించుకొని, ఇంత తక్కువగా చదివించుకున్న శాసనం ఇంకొకటి లేదు. పదో శతాబ్దం నడుమ, వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి కొలువులో కన్నడ ఆదికవి పంపడు ఉన్న రోజుల్లో, పంపడి తమ్ముడు జినవల్లభుడు ఈ గుట్ట మీద చక్రేశ్వరినీ తీర్థంకరులనూ చెక్కించి, సంస్కృత కన్నడ తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. కన్నడ పండితులు పంపడి వంశం ఆనవాళ్ల కోసం గుట్ట ఎక్కుతారు. మనవాళ్లు అందులోని మూడు తెలుగు కందపద్యాల కోసం ఎక్కుతారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పటి నుంచి ఆ మూడు పద్యాల పేరు చెప్పని సభ లేదు. ఇటు వాళ్లూ అటు వాళ్లూ తమకు కావలసింది లెక్కపెట్టుకొని దిగిపోతున్నారు. ఆ రాయి చెప్పే మరో సంగతి మాత్రం పక్కన పడిపోయింది. జినవల్లభుడు ఒక్క బసదితో, అంటే జైన గుడితో, ఆగలేదు. త్రిభువన తిలకమనే బసదితో పాటు కవితాగుణార్ణవమనే చెరువునూ, మదనవిలాసమనే తోటనూ చేయించాడు. కవితాగుణార్ణవుడన్నది పంపడి బిరుదు, అంటే ఇక్కడ ఒక చెరువుకు కవి పేరు పెట్టారు! మన నగరంలో పార్కులకూ చౌరస్తాలకూ ఎవరెవరి పేర్లు పెట్టామో తలచుకుంటే సిగ్గేస్తుంది. నమ్మకానికి బసది, సాగుకూ తాగుకూ చెరువు, సేద తీరడానికి తోట, ఈ మూడూ ఒకే పథకంలో భాగాలు. వేడుక చోటును బతుకు చోటు నుంచి విడదీసి ఊరి అంచున పెట్టాలన్న ఆలోచన ఆ మనిషికి రాలేదు. ఆ తోటలో కచేరీలు జరిగాయని శాసనం చెప్పదు, నేనూ చెప్పను. జనం తిరగని చోట తోట వేయించి దానికి అంత సరసమైన పేరు పెట్టరన్నది మాత్రం నా ఊహ.

జినవల్లభుడు దొరల కొలువుకు దగ్గరివాడు, వ్యాపారి కాదు. వ్యాపారుల సంగతికి కాకతీయుల కాలానికి రావాలి. ఆ నాటి శాసనాల్లో నకరం, స్వదేశి పరదేశి బేహారులు, ఉభయ నానాదేశి పెక్కండ్రు అంటూ వర్తక శ్రేణుల పేర్లు పదే పదే వస్తాయి. రాజు శాసించేదాకా ఆగకుండా వీళ్లంతా కూడి ఒక కట్టుబాటు చేసుకునేవాళ్లు: పెరిక సరుకుకు ఇంత, తమలపాకుల మోపుకు ఇంత, నూనె గానుగకు ఇంత అని. వచ్చిన సొమ్ము దేవుడి అంగరంగ భోగాలకు పోయేది. ఓరుగల్లులో ఖాన్ సాహెబ్ తోట శాసనం చదివితే ఆ అంగట్లో అమ్మే సరుకుల పట్టీ, వాటి మీది సుంకాల తీరు కళ్లకు కడతాయి. అంగభోగం దేవుడికి, అంటే పూలు, దీపం, నైవేద్యం. రంగభోగం గుడి ముందరి రంగమండపంలో జరిగే ఆటకూ పాటకూ. మిరియాల మూట దించిన వర్తకుడు కట్టిన కాసుతో మద్దెలకారుడి ఇంట్లో పొయ్యి వెలిగేది. మండలి అంటే ఇదే. లెక్కల పుస్తకం బదులు రాయి, బ్యాంకు ఖాతా బదులు గుడి భాండారం, అంతే తేడా.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. అది భక్తి, ఇది వినోదం, రెండింటినీ ఒక గాటన కట్టొద్దంటారు. మండపంలో ఆడినవాళ్లు దేవుడి ముందు ఆడారని, టవర్ సర్కిల్‌లో పాడేవాడు గిరాకీ పెంచడానికి పాడతాడని వాళ్ల వాదన. కానీ రంగభోగాన్ని ఉత్త భక్తిగా చూడటం మన కాలం పెట్టుకున్న కళ్లద్దం. 1261 నాటి మల్కాపురం శాసనం గోళకీ మఠానికి రాసిచ్చిన ఊళ్ల రాబడిలో వైద్యశాలకూ ప్రసూతిశాలకూ విద్యార్థులకూ వాటాలు పెట్టి, ఆ పక్కనే నర్తకులకూ గాయకులకూ వాద్యగాళ్లకూ జీవితం ఏర్పరచింది. కళను బడితోనూ వైద్యంతోనూ సమానంగా కూర్చోబెట్టి జీతమిచ్చిన లెక్క అది. గిరాకీ మాటకు వస్తే, నకరం వాళ్లకు గిరాకీ అక్కరలేదనుకోవడం అమాయకత్వం. గుడి ముందు జాతర కూడితే అంగడి నిండుతుందని వాళ్లకు మనకంటే బాగా తెలుసు. లాభం కోసం కళను పోషించడం తప్పయితే ఆ తప్పు ఎనిమిది వందల ఏళ్ల నాటిది.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది, దాన్ని ఎవరూ ఎత్తకపోవడమే వింత. వ్యాపారి కట్టిన కాసు చివరికి ఎవరి జేబులోది? గంజ్‌లలో ధర్మం పేరుతో రైతు తెచ్చిన ధాన్యం మీద కోత పెట్టడం తెలంగాణకు తెలియని ముచ్చట కాదు. 1930లో హైదరాబాద్ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది ఇలాంటి అక్రమ వసూళ్లకు కళ్లెం వేయడానికే. గుడి కట్టించిన పుణ్యం షావుకారికి, కోత రైతుకు! కాబట్టి వ్యాపారుల మండలి అనగానే చప్పట్లు కొట్టను. సొమ్ము దుకాణం విస్తీర్ణాన్ని బట్టి దుకాణదారు కట్టాలి. బిల్లు మీద పైసా ఎక్కకూడదు, గంజ్‌లో తూకం మీద గింజ కోయకూడదు. టొరంటోలో ఆ రుసుం ఆస్తి పన్నుతో కలిపి వసూలవుతుంది, ఎగ్గొట్టడానికి వీలుండదు. ఇక్కడ చందాగానే మొదలుపెట్టాలి, అందులో ఎగవేతలుంటాయి. తప్పదు.

చందాతో నడిచేది నిలబడదనే వాళ్లు ఆదిలాబాద్ జిల్లా వైపు చూడాలి. అక్కడి కేస్లాపూర్ నాగోబా జాతరను పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు జరుపుతారు. వంశంలోని 22 కితల (శాఖల) వాళ్లు పనులు పంచుకుంటారు. ఊరూరా తిరిగి కబురు చెప్పడం, హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన మోసుకురావడం, అన్నీ వరస ప్రకారం జరిగిపోతాయి. అక్కడ అధికారులు విన్నపాలు వినే దర్బారు మాత్రం వేరే కథ. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక గిరిజనుల గోడు తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది, ఆ దశాబ్దంలోనే దర్బారు మొదలైంది. ఇవాళ పత్రికలు మంత్రులొచ్చే దర్బారు గురించే ఎక్కువ రాస్తాయి. ఏ మంత్రీ రాకపోయినా జాతర ఆగదు. నాగోబాకు కొత్త రాతి గుడి కావలసి వచ్చినప్పుడు మెస్రం ఇళ్లవాళ్లే తలా ఇంత వేసుకొని కట్టుకున్నారు, 2022 డిసెంబర్‌లో ప్రతిష్ఠ జరిగింది. కేస్లాపూర్‌లో ఉన్నది ఒక వంశం, ఒక దేవుడు. టవర్ సర్కిల్‌లో కులాలు, మతాలు, పార్టీలు అన్నీ ఉన్నాయి, పోలిక కుదరదనవచ్చు. సగం నిజం. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీకి వంశమూ లేదు దేవుడూ లేడు, సభ్యత్వ రుసుములతో బతికే సంస్థ, దానికి ఫిల్మ్ భవన్ అనే సొంత గూడు ఉంది. తలా ఇంత వేసుకొని నడిపించే అలవాటున్న ఊరే ఇది.

ప్రభుత్వ వేదిక మీద నాకున్న అసలు ఫిర్యాదు కూడా ఆ అలవాటుతో పోల్చినప్పుడే వస్తుంది. కళోత్సవాలను అప్పటి మంత్రి గంగుల కమలాకర్ పూనుకొని చేయించారు, ఆ పూనికకు ఆయనకు దక్కాల్సింది దక్కాలి. కానీ ఒక మనిషి పూనిక మీద నిలిచిన పండుగకు ఆ మనిషి కుర్చీ ఎంత గట్టిదో అంతే ఆయువు. తేదీ మంత్రి డైరీని బట్టి, పిలుపులు అధికారుల పట్టీని బట్టి ఉన్నంత కాలం హనుమాజీపేట మిద్దె రాములు వంటి ఒగ్గు కథకుడు పుట్టిన ఉమ్మడి జిల్లాలో ఒగ్గు పూజారి ముఖ్య అతిథి రాక కోసం డోలు పక్కన పెట్టి కూర్చోవలసిందే. బజారు మండలికి ముఖ్య అతిథి అక్కర లేదు. దుకాణాలు మూసే వేళకు డోలు మోగాలి, అంతే కావాలి.

ఇరుకు గురించి, రొద గురించి, తోపుడు బండ్ల గురించి అడుగుతారు, అడగాలి. టవర్ సర్కిల్ ఇరుకైనది. వేలమంది వచ్చే సినిమా గాయకుడి కచేరీ అక్కడ పెట్టడం మూర్ఖత్వం, అది స్టేడియంలోనే జరగనీయండి. ఇక్కడ జరగవలసినవి రెండు మూడు వందల మంది నిలబడి వినే చిన్న కొలువులు: ఒగ్గు కథ, శారద కథ, ఖవ్వాలీ, ముషాయిరా, కవి సమ్మేళనం. పక్కనే వెండి నగిషీ పనివాళ్లు తీగ లాగి అల్లుతుంటే చూసే చోటూ ఉండాలి. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది దాటితే మైకు ఆపాలి. పండుగల కోసం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు గానీ, ఆ పదిహేను రోజులకు వినాయక మండపాల వాళ్లు ముందే కాచుకొని ఉంటారు. కాబట్టి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర. బతుకమ్మ, దసరా వారాల్లో బజారు దానంతటదే కిక్కిరిసి ఉంటుంది, అప్పుడు వద్దు. పెళ్లి ముహూర్తాలు లేక బట్టల దుకాణాల్లో ఈగలు తోలుకునే పుష్య మాసం మంచిది.

తోపుడు బండ్ల సంగతే మండలికి అసలు పరీక్ష. ‘అందం’ పేరు చెప్పి మిర్చీ బజ్జీల బండినీ గాజుల గంపనూ మొదట తరిమేయడం పట్నాలన్నింటికీ అలవాటే. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం చోట్లు వీధి వ్యాపారులకే ఇచ్చింది, అందులో మూడో వంతు ఆడవాళ్లకు. టవర్ సర్కిల్ మండలికి ఆ లెక్కే పెట్టుకోవచ్చు: బంగారం దుకాణానికి ఒక కుర్చీ ఉంటే, గాజుల అమ్మకూ ఒక కుర్చీ. నగల షాపు చందాలో ఆమె చందా నూరో వంతు కాకపోవచ్చు, ఓటు మాత్రం సమానం. ఎవరు ఎంత వేశారో, ఏ కళాకారుడికి ఎంత ముట్టిందో రాసిన పట్టీని ఏడాదికోసారి కమాన్ దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. దీనికి ఒప్పుకోని షావుకారు ఎవరైనా ఉంటే, ఆయన వేసే చందా మండలికి అక్కర లేదు.