మినమాటా జాలరుల చరిత్రము – మన కర్తవ్యము

 

ఏటేట మన మహాసభా సంచికలలో పూర్వుల నౌకాయానమును గూర్చియు, విద్యావ్యాప్తిని గూర్చియు, కులోన్నతిని గూర్చియు వ్యాసములు వెలువడుచున్నవి. అవి మనకు గర్వకారణములు. ఈ మారు మేము మన పూర్వులది కాని యొక చరిత్రను మీ యెదుట నుంచుచున్నాము. జపాను దేశమున క్యూషూ ద్వీపపు పడమటి తీరమున మినమాటా యను నూరు కలదు. అచ్చట మనవలెనే వలను, పడవను నమ్ముకొని బ్రతికినవారిని తాము తిన్న గుల్లయు, చేపయు రోగగ్రస్తులను జేసెను, పలువురను చంపెను. ఆ యాపద యెట్లు పుట్టెనో, ఎన్నిమారులు ఆపదగియుండియు ఆపబడలేదో తెలిసికొనుట, కాకినాడ అఖాతము మొదలు పులికాటు సరస్సు వఱకు బురదలో గుల్లలేరి బ్రతుకు మన కత్యవసరము.

మినమాటా అఖాతము షిరనూయి సముద్రమను జలభాగమున కొక మూల. చుట్టును దీవు లడ్డుగా నుండుటచే అచ్చట అలలు శాంతములు. చేపలు గ్రుడ్లిడుటకును, రాళ్ల నంటి ఆలుచిప్పలు పెరుగుటకును అనువైన చోటు. కొండవాలున సేద్యపు భూమి తక్కువ గనుక జాలరి కుటుంబములకు సముద్రమే పొలము, సముద్రమే పెరడు. పిల్లలు నీరు తీసిన వేళ గుల్లలేరుకొని తినెడివారు.

ఆ యూర 1908 వ సంవత్సరమున నొక రసాయన కార్ఖానా వెలసెను. తరువాతి కాలమున దానికి చిస్సో యను పేరు వచ్చెను. దాని మురుగు నీటివలన వేట చెడినదని జాలరులు మొఱపెట్టగా, 1926 లోను, మరల 1943 లోను కార్ఖానావారు కొంత ధనమిచ్చి వారిని సమాధానపఱచిరి. ఈ నడుమనే, 1932 లో, ఆ కార్ఖానా పాదరసపు సహాయమున అసిటాల్డిహైడు అను ద్రవమును చేయ మొదలిడెను. ఆ పనిలో పాదరసము కొంత మార్పునొంది, మిథైలు పాదరసమను ఘోరవిషమై మురుగుతో అఖాతమును జేరెను.

1950 వ సంవత్సరము దాటిన పిమ్మట సముద్రమే సాక్ష్యము చెప్పసాగెను. చేపలు వెల్లకిల తేలెను. ఒడ్డున గుల్లలు నోళ్లు తెఱచి చచ్చెను. కాకులు ఎగురుచు నెగురుచు నేల గూలెను. జాలరుల యిండ్ల పిల్లులు గిరగిర తిరిగి, తూలి, నీటబడి చచ్చెను. ఈ వింతలను మొట్టమొదట చూచినవారు పండితులు కారు, అధికారులు కారు. వలలు ఆరవేసికొను స్త్రీపురుషులే.

1956 ఏప్రిలు నెలలో సముద్రపు టొడ్డుననే ఇల్లుగల యొక కుటుంబమునుండి చిన్న పిల్లను కార్ఖానావారి ఆసుపత్రికి తెచ్చిరి. ఆమెకు మాట తడబడెను, నడక తప్పెను, చేతులు వశము తప్పెను. రెండు దినములలో ఆమె చెల్లెలికిని అదియే పట్టెను. మే 1 వ తేదీన ఆసుపత్రి పెద్ద వైద్యుడు కారణము తెలియని వ్యాధి వ్యాపించుచున్నదని ఆరోగ్యశాఖకు తెలిపెను. ఆ సంవత్సరము నవంబరులోనే కుమమోటో విశ్వవిద్యాలయపు వైద్యులు, ఇది అంటురోగము గాదనియు, ఏదో యొక భారలోహము చేపల ద్వారమునను గుల్లల ద్వారమునను దేహమును జేరుచున్నదనియు అభిప్రాయపడిరి.

ఇచ్చట మనము కొంచెము నిలువవలయును. ఏ లోహమో తెలియకపోయినను, ఏ త్రోవను వచ్చుచున్నదో తెలిసినది. ఆ త్రోవను మూసిన చాలును. 1957 లో కుమమోటో మండలమువారు ఆ యఖాతపు సరకును ఆహారచట్టముచే నిషేధింపవచ్చునా యని కేంద్ర ప్రభుత్వము నడిగిరి. అఖాతములోని చేపలును, గుల్లలును అన్నియు విషమయములని స్పష్టమగు ఆధారము లేదు గనుక చట్టము వర్తింపదని సెప్టెంబరులో బదులు వచ్చెను. అన్నింటిని పరీక్షించినవారు లేరు. పరీక్ష లేకపోవుటయే నిర్దోషిత్వమునకు ఋజువుగా చెల్లెను. 1958 సెప్టెంబరులో కార్ఖానా తన మురుగుకాలువను మినమాటా నదీముఖమునకు త్రిప్పెను. అంతవఱకు నొక యఖాతమున నుండిన విషము షిరనూయి సముద్ర మంతటికిని ప్రాకెను.

1959 జులైలో విశ్వవిద్యాలయమువారు కారణము పాదరసపు సంయోగమని ప్రకటించిరి. అక్టోబరులో కార్ఖానా వైద్యుడే ఆ మురుగును కలిపిన తిండిని పిల్లికి పెట్టి చూడగా దానికి అదే వ్యాధి పట్టెను. ఆ సంగతి బయటికి రానీయక దాచిరి. నవంబరు 2 వ తేదీన జాలరులు ఆగ్రహించి కార్ఖానాలో జొరబడిరి. డిసెంబరు 30 వ తేదీన రోగుల కుటుంబములతో నొక యొడంబడిక జరిగెను. మృతుని కుటుంబమునకు మూడు లక్షల యెన్నులు మాత్రమే. ముందెన్నడైన కార్ఖానాదే దోషమని తేలినను మఱి యేమియు అడుగరాదని షరతు. అప్పు చేసి, ఆకలితోనున్నవారు సంతకములు చేసిరి. కాలువ మాత్రము ఆగలేదు. ఆ కార్ఖానాలో అసిటాల్డిహైడు పని 1968 మేలో గాని నిలువలేదు. ఆ సెప్టెంబరులో గాని ప్రభుత్వము కారణము నొప్పుకొనలేదు. ఈ లోపల 1965 లో నీగాటా మండలమున మఱియొక కార్ఖానావలన ఇదే వ్యాధి తలయెత్తెను.

1973 మార్చి 20 వ తేదీన కుమమోటో న్యాయస్థానము కార్ఖానాదే తప్పనియు, నాటి యొడంబడిక చెల్లదనియు తీర్పు చెప్పెను. అఖాతపు బురదను త్రవ్వి, 58 హెక్టారుల మేర పూడ్చు పని 1977 లో మొదలై 1990 లో ముగిసెను. విషపు చేప వెలికి పోకుండ 1974 లో అడ్డముగ గట్టిన వలను 1997 లో గాని తీయలేదు. ప్రభుత్వము రోగులని గుర్తించినవారే రెండువేల యిన్నూటికి పైబడిరి. తల్లికి లక్షణములు స్వల్పముగ నుండియు, గర్భమున విషము సోకి పుట్టిన బిడ్డలును వారిలో కలరు.

ఈ చరిత్రలో మన హృదయమును కలచునది మఱియొకటి కలదు. వ్యాధి అంటునను భయమున ఇరుగుపొరుగువారు రోగుల యిండ్లకు పోవుట మానిరి. రోగము మాట బయటబడిన చేప అమ్ముడుపోదను భయమున జాలరులే జాలరుల నోరు నొక్కిరి. కులమే కులమును వెలివేసెను. దారిద్ర్యము వారిచే నట్లు చేయించెను గనుక మనము వారిని నిందింపరాదు. కాని అట్టి స్థితి మనకు రాకుండ చూచుకొనుటకే కులసంఘము లున్నవి.

ఇంక గుల్లను గూర్చి రెండు మాటలు. గుల్లయు ఆలుచిప్పయు నీటిని లోనికి పీల్చి, వడగట్టి, ఆహారమును నిలుపుకొని నీటిని విడుచును. ఒక ఆలుచిప్ప గంటకు కొన్ని లీటర్ల నీటిని వడగట్టగలదు. ఆ నీటిలో కాడ్మియము, సీసము, పాదరసము ఉన్నచో అవి దాని కండలో కూడబెట్టబడును. మడ అడవుల బురదయు ఇట్టి లోహములను పట్టి యుంచును. త్రవ్వి కలచినపుడు వదలును. కొన్ని సూక్ష్మజీవులు బురదలోని పాదరసమును మిథైలు పాదరసముగ మార్చును. చేప ఒకచోట నిలువదు, గుల్ల కదలదు. ఏ నీట పుట్టెనో ఆ నీటి లెక్క దాని దేహముననే యుండును. రుచివలనగాని, వాసనవలనగాని లోహము తెలియదు. మంచినీట రెండు దినము లుంచిన ఇసుకయు, కొన్ని రోగక్రిములును పోవునుగాని లోహము పోదు. ఉడికించిన నశింపదు, పులుసులోనికి దిగినను ఆ పులుసును త్రాగువారము మనమే.

ఇట్లనుటచే గుల్ల తినరాదని మా యభిప్రాయము గాదు. శుద్ధమగు నీట పెరిగిన గుల్ల పేదవానికి బలమైన ఆహారము. మన మొగలన్నియు విషమయములని చెప్పుట సాహసము. పరీక్షింపకయే నిర్దోషములనుట అంతకంటె సాహసము. 1957 లో జపానున జరిగిన దిదియే. విదేశములకు పోవు రొయ్యను పరీక్షించు ఏర్పాటు లున్నవి. మడ అడవులలో మోకాటిలోతు బురదలో దిగి మన ఆడుబిడ్డలు ఏరితెచ్చి, మన కుండలలో వండు గుల్లకు అంతటి పరామర్శ కానరాదు. పాదరసమును అరికట్టుటకై 2013 లో జరిగిన అంతర్జాతీయ ఒడంబడిక మినమాటా పేరుననే వెలసినది. మన దేశమును 2018 లో దానిని ధ్రువపఱచినది. కావున అడుగుట కధికారము కలదు.

ఈ మహాసభ యీ క్రింది సంగతులను తీర్మానింపవలెనని మా మనవి. వానలకు ముందును, వెనుకను, ఏటికి రెండుమారులు, ప్రతి మొగలోని బురదను, గుల్లను, చోటు వారిగను జాతి వారిగను పరీక్షింపించి, ఫలితములను తెలుగున వ్రాసి పడవల రేవులలో అంటింపవలయును. కార్ఖానా కాలువలు కలియు చోట్ల గుల్లలేరుట, పరీక్ష జరుగువఱకు, మానవలయును. గర్భిణులును, పసిపిల్లలును అచ్చటి గుల్లను తినరాదు. గుల్లలు గుంపుగ చచ్చినను, పక్షులు కూలినను, గ్రామసంఘము తేదీతో పుస్తకమున వ్రాసి యుంచవలయును. రాబోవు హక్కులను వదలుకొను ఏ యొడంబడికకును న్యాయవాది చూడక సంతకము చేయరాదు. వ్యాధిగ్రస్తుని వెలివేయక, అతని పక్షమున సంఘమే నిలువవలయును.

పోషక మహాశయులు విద్యార్థి వేతనములకు ధన మొసగుచున్నారు. అందు కొంత మన పిల్లలలో రసాయనశాస్త్రము చదువువారికి కేటాయింతురేని, మన మొగలోని నీటిని మన బిడ్డలే పరీక్షించు దినము వచ్చును. మినమాటా జాలరులు కన్నులార చూచినదానిని పండ్రెండేండ్ల వఱకు ప్రభుత్వము అంగీకరింపలేదు. మనము చూచినదానిని ఆ దినముననే నిరూపించు శక్తిని మన సంఘము సంపాదించుగాక!