కనికరమునకు వెల ఉన్నదా? 1876-78 కరువు, ఒంగోలు సంఘ చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

దేవుడు కనికరము గలవాడని మనము ప్రతి ఆదివారము ప్రకటిస్తాము. అయితే ఆ కనికరమును పొందిన సంఘము దానిని ఇతరులకు చూపించవలసిన దినము వచ్చినప్పుడు ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి, అదే చేతితో బాప్తిస్మము ఇస్తే అది కనికరమా, లేక బేరమా?

ఈ ప్రశ్న మాకు గ్రంథాలయములో పుట్టినది కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మేము తీరప్రాంతములో సంఘ సేవలో ఉన్నాము. పంచుటకు బియ్యము వచ్చినది. పేర్ల జాబితా వ్రాయుటకు కూర్చున్నప్పుడు మేము మొదట వ్రాసినవి మా సంఘస్థుల పేర్లే. వరుస చివర నిలబడియున్న ఒక ముసలమ్మ, "అయ్యగారూ, నేను మీ గుడికి రాను గదా, నా పేరు ఉంటదా?" అని అడిగినది. ఆమె పేరు వ్రాసాము, బియ్యము ఇచ్చాము. అయితే ఆమెకు అలా అడుగవలసిన అవసరము కలిగించినది మా జాబితాయే.

మన తెలుగు సంఘ చరిత్రలో ఇదే ప్రశ్న అంతకు సుమారు 127 సంవత్సరముల ముందు ఒంగోలు ప్రాంతములో, చాలా పెద్ద స్థాయిలో ఎదురైనది. దానికి అప్పటివారు ఇచ్చిన జవాబును ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

1. లేఖనములలో కనికరము

పాత నిబంధనలో కనికరమును తెలుపు హెబ్రీ పదములలో "రహమీమ్" ముఖ్యమైనది. ఇది గర్భము అను అర్థమిచ్చు "రెహెమ్" అను పదమునకు సంబంధించినది. తల్లి తన గర్భమున పుట్టిన బిడ్డపై చూపు ప్రేమ ఇందులో ఉన్నది. బిడ్డ ఏమి ఇచ్చునని తల్లి లెక్క చూడదు. "హెసెద్" అను పదము నిబంధనను విడువని కృపను తెలుపుతుంది. నిర్గమకాండము 34:6లో దేవుడు మోషేకు తన నామమును ప్రకటించినప్పుడు ఈ రెండు భావములును కలిసి వచ్చినవి. ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసికొనిన తరువాతనే ఈ ప్రకటన జరిగినదని మనము మరువరాదు.

క్రొత్త నిబంధనలో "స్ప్లాంక్నిజోమై" అను గ్రీకు క్రియ ఉన్నది. కడుపులోని పేగులు కదలుట అని దాని మూలార్థము. "కడుపు తరుక్కుపోయింది" అని మన ఊళ్ళలో అనుకొను మాట దీనికి చాలా దగ్గరగా ఉన్నది. మొదటి మూడు సువార్తలలోనే ఈ క్రియ కనబడుతుంది. యేసు ప్రభువును గూర్చియు, మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుని తండ్రి వంటి ఆయన ఉపమానములలోని వారిని గూర్చియు ఇది వాడబడినది.

ప్రభువు కనికరపడిన విధమును చూడండి. అరణ్యములో జనసమూహమునకు రొట్టెలు పంచినప్పుడు ఎవరు విశ్వాసులని ఆయన విచారించలేదు. పదిమంది కుష్ఠరోగులలో ఒక్కడే తిరిగి వచ్చినను, తక్కిన తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనుకకు తీసికొనలేదు (లూకా 17:11-19). మరొక ప్రక్క, రొట్టెలు తిని తృప్తిపొందినందువలననే తన్ను వెదకుచున్నారని ఆయనే జనులను హెచ్చరించెను (యోహాను 6:26). ఆయన రొట్టె ఇచ్చుట మానలేదు, రొట్టెను విశ్వాసమునకు వెలగా అంగీకరించనూ లేదు.

2. ధాత కరువు

1876లో వర్షములు తప్పినవి. ధాత నామ సంవత్సరములో వచ్చినందున పెద్దలు దీనిని ధాత కరువు అని పిలిచారు. 1878 వరకు దక్షిణ భారతము దీనివలన అల్లాడినది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది ప్రజలు ఆకలితోను, ఆకలి వెంట వచ్చిన కలరా మొదలైన రోగములతోను చనిపోయారు.

ఆనాటి ప్రభుత్వము సహాయక పనులు తెరచినది గాని ఖర్చును గూర్చియే ఎక్కువగా చింతించినది. 1877 ఆరంభములో సర్ రిచర్డ్ టెంపుల్ సలహా మేరకు, పనిచేయు పురుషునికి దినమునకు ఒక పౌండు ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించారు. ఒక పౌండు అంటే సుమారు 450 గ్రాములు. మట్టి మోయువానికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించగా, కొన్ని నెలలకు కూలి పెంచారు. ఆ కొలతలో లెక్క ఉన్నది గాని కనికరము కనబడదు.

3. కరువుకు ముందు ఒంగోలు సంఘము

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను 1836లో ప్రారంభమైనది. చాలాకాలము ఫలము కొద్దిగానే ఉన్నందున దానిని మూసివేయవలెనను ఆలోచన పలుమార్లు వచ్చినది. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో ఇండియాకు వచ్చి, 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరిలో ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడినది.

అయితే ఈ చరిత్రను దొరల చరిత్రగా మాత్రమే చెప్పుట సరికాదు. ఒంగోలుకు పడమటి గ్రామములలో సువార్తకు దారి తెరచినవాడు యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడైన ఆయన అంతకుముందు రాజయోగ మార్గములో దేవుని వెదకినవాడు. 1866లో ఆయనయు, ఆయన భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందారు. పేరయ్య తన వారి మధ్య కాలినడకన తిరిగి బోధించెను.

మాదిగలను చేర్చుకొంటే మేము రాము అని పై కులములవారు చెప్పినప్పుడు క్లౌ దంపతులు 1 కొరింథీ 1:26-29 చదివి, పేదలవైపే నిలబడ్డారు. కరువు రాకముందే సంఘస్థుల సంఖ్య మూడువేలు దాటినది. కరువే ఒంగోలు సంఘమును పుట్టించినదనుట చరిత్రకు సరిపడదు.

4. కాలువ పని

కరువు ముదిరినప్పుడు క్లౌ ఒక అసాధారణమైన పని చేసారు. అప్పుడు ప్రభుత్వము బకింగ్‌హామ్ కాలువను త్రవ్విస్తున్నది. యౌవనములో అమెరికాలో భూసర్వే పనిలో ఆయనకు అనుభవము ఉన్నది. అందువలన సుమారు మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వుటకు ఆయన కాంట్రాక్టు తీసికొన్నారు. మాదిగలే గాక అనేక కులములవారు అక్కడికి పనికి వచ్చారు. తెలుగు బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు.

సాధారణముగా కరువు పనులలో మాదిగలు అందరికంటె వెనుకకు నెట్టబడేవారు. ఇక్కడ మేస్త్రీ తమవాడే. చేసిన పనికి కూలి చేతికి వచ్చేది. కూలివారు అలసి కూర్చున్నప్పుడు బోధకులు వారితో మాట్లాడేవారు. ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన మత్తయి 11:28 వారు ఎక్కువగా చెప్పిన వాక్యము. తట్ట నెత్తిన మోసినవారికి ఆ వాక్యమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

వారికి కూలి దొరికినది, గౌరవమును దొరికినది. తరతరములుగా వెట్టి చేసినవారికి ఈ రెండవది మొదటిదానికంటె తక్కువ కాదు.

5. పదిహేను నెలలు

మా పరిశీలనలో ముఖ్యమైనది ఇదే. కాలువ మీద విన్నవారిలో అనేకులు బాప్తిస్మము అడిగారు. క్లౌ ఇవ్వలేదు. 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు సుమారు పదిహేను నెలలు ఒక్కరికి కూడ బాప్తిస్మము ఇవ్వలేదు. కూలి చేతిలో ఉన్నంతకాలము అడిగినవాని హృదయము తెలిసికొనుట కష్టమని ఆయన తలంచారు.

1878 జూన్‌లో, ఇక ఇచ్చుటకు తనవద్ద డబ్బు లేదని ఆయన స్పష్టముగా తెలియజేసారు. అయినను ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి జనులు వేలకొలది వచ్చారు. తాము సహాయము కొరకు రాలేదనియు, కష్టపడి పనిచేసితిమనుటకు తమ చేతుల బొబ్బలే సాక్ష్యమనియు, పంట మరల పోయి చావవలసి వచ్చినను క్రైస్తవులుగా చావగోరుచున్నామనియు వారు చెప్పినట్లు క్లౌ వ్రాసారు. ఆయన జ్ఞాపకములు మరణానంతరము 1914లో "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" అను పేరుతో వెలువడినవి.

1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. నీటిలో నిలిచి బాప్తిస్మము ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. క్లౌ నీటిలోనికి దిగలేదు. ఆ సంవత్సరాంతమునకు ఈ సంఖ్య 9,606కు చేరినది.

6. రెండు ఆక్షేపణలు

మొదటిది, వీరు కడుపు కొరకు వచ్చినవారే అనుట. సహాయము ఆగిన తరువాత వచ్చినవారిని గూర్చి ఆ మాట అనుట న్యాయము కాదు. అయితే కరువుకు ఏ పాత్రయు లేదనుట కూడ నిజము కాదు. ఎవరును తమను పట్టించుకొననప్పుడు పట్టించుకొన్నవారి దేవుడు ఎవరని వారు అడిగారు. దేవుని కనికరమును మనుష్యుల కనికరములో గుర్తించుట తప్పు కాదు. ఆకలి వేసినప్పుడే తప్పిపోయిన కుమారునికి తండ్రి ఇల్లు జ్ఞాపకము వచ్చినది, ఆ తండ్రి అందుకు వానిని తోసివేయలేదు.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. ఆ పదిహేను నెలలలో బాప్తిస్మము అడిగి, పొందక చనిపోయినవారు ఉండియుందురు. వారి సంగతి ఏమి? బాప్తిస్మమును నిలుపు అధికారము సంఘమునకు ఉండవచ్చును గాని, దేవుని కనికరమును నిలుపు అధికారము సంఘమునకు లేదు. సిలువమీద దొంగకు బాప్తిస్మము లేకయే పరదైసు వాగ్దానము దొరికినది. క్లౌ చేసిన ఆలస్యము వారి రక్షణను ఆపలేదని మేము నమ్ముచున్నాము. అయినను ఆ నిర్ణయము సులువైనదని చెప్పలేము. పేదవాడు తన మనస్సు నిజమని ఋజువు చేసికొనవలసి వచ్చినది. ధనవంతుడు బాప్తిస్మము అడిగితే అతని ఉద్దేశమును మనము పదిహేను నెలలు పరీక్షిస్తామా?

ముగింపు

ఒంగోలు చరిత్రనుండి సంఘ కాపరులమైన మనము మూడు సంగతులు నేర్చుకొనవచ్చును. సహాయము అవసరతను బట్టి ఇవ్వవలెను, సభ్యత్వమును బట్టి కాదు. పుచ్చుకొనువాని గౌరవమును కాపాడు విధముగా ఇవ్వవలెను. ఇచ్చిన తరువాత ఫలమును లెక్కించు పని దేవునికి విడిచిపెట్టవలెను.

ఈ మూడింటిలో మొదటిదానిలోనే మేము తప్పిపోయాము. ఆ తరువాత తుపానులు వచ్చినప్పుడు, 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, జాబితాలను వీధి చివర ఇంటినుండి మొదలుపెట్టి వ్రాసాము. సంఘ రిజిస్టరును బల్లమీద పెట్టలేదు. ఇది గొప్ప సంగతి కాదు. ఆ ముసలమ్మ ప్రశ్నను మరియొకరు మమ్మును అడుగకూడదని మాత్రమే అలా చేసాము.

మన తండ్రి కృతజ్ఞత లేనివారియెడలను ఉపకారియై యున్నాడని ప్రభువు సెలవిచ్చెను (లూకా 6:35-36). ఆయన జాబితాలో మన పేరు చేరినది మన యోగ్యతను బట్టి కాదు గనుక, మన జాబితాలను కూడ ఆయన రీతిగానే వ్రాయుదము గాక.